నానిన పిడి

ఏసుబాబుకి ఒక జబ్బుంది. వదులైన పనిముట్టు కంటబడితే చెయ్యి ఊరుకోదు. రాజోలు కొబ్బరితోటల్లో పెరిగినవాడు. పార కామ ఊగినా, గొడ్డలి పిడి కదిలినా నీళ్లలో పడేస్తే కర్ర ఉబ్బి బిగుస్తుందని ఉగ్గుపాలతోనే నేర్చుకున్నాడు.

ఇప్పుడతను అజ్మాన్‌లో ఒక విల్లాలో తోటమాలి. యజమాని సైఫ్ కరోనా రోజుల్లో ఇంట్లో ఊరికే కూర్చోలేక కత్తిసాములో పడ్డాడు. జపాన్ కమ్మరి చేత్తో సాగగొట్టిన కత్తి తెప్పించాడు. సాయంత్రాలు పెరట్లో, తడిపి చుట్టిన చాపని గూటానికి నిలబెట్టి ఒక్క వేటుకి నరకడం అతని సాధన. చాపలు నానబెట్టడం, తర్వాత కత్తి తుడిచి నూనె రాయడం ఏసుబాబు పని. ఇదివరకటి తోటమాలి ఆ కత్తి మీద గీత పడేశాడని విమానం ఎక్కించేశారు. మఫ్రఖ్ కూలీల క్యాంపులో ఉంటూ ఇనుప కమ్మీలు మోసి మోసి ఈ నీడకి చేరిన ఏసుబాబుకి ఆ సంగతి నిద్రలోనూ గుర్తే.

ఒకరోజు తుడుస్తుంటే పిడి టక్కుమంది. మనవాడు ఎవరినీ అడగలేదు. చాపలు నానే తొట్టిలోనే పిడి ముంచి పోయి పడుకున్నాడు. తెల్లారేసరికి రాయిలా బిగిసింది. లోలోపల తెగ మురిసిపోయాడు.

కత్తి ఉంచే ఏసీ గదిలో ఆరేసరికి మునుపటికంటే వదులైంది. మళ్లీ ముంచాడు. మళ్లీ ఆరింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊళ్లో అందరికీ చెప్పేవాడే, కడిగిన చోటే మళ్లీ తొక్కుతూ పోయాడు. చివరికొకనాడు నూనెగుడ్డకి పిడి మొదట్లోంచి తుప్పునీరు అంటింది. కత్తి అలుగునీ పిడినీ కలిపి ఉంచే వెదురు చీలని గోటితో నొక్కితే మెత్తగా దిగబడింది. ఏదో ఒక వేటుకి అలుగు ఊడి ఎగురుతుంది. ఎగిరే వైపునే, గోడవారన కుర్చీలో, సైఫ్ కూతురు రోజూ కూర్చుని చప్పట్లు కొడుతుంది.

పాపని చూసుకునే కడప జమీలాబీకి దోమలని, ఎండని సాకులు చెప్పి పిల్లని లోపలే ఉంచమన్నాడు. ఆ పిల్ల గుక్కపట్టి ఏడ్చి మరీ బయటికొచ్చేది. జమీలాబీకి అనుమానమొచ్చి నిలదీసింది.

“ఆ పిడి నేనే కుళ్లబెట్టేసేనక్కా,” అన్నాడు.

ఆమె వెంటనే అంది, “పోయి చెప్పు. పని పోతే పోనీలే, పిల్ల పోతే యాడ తెస్తావు?”

ఆ సాయంత్రమే వచ్చీరాని హిందీలో సైఫ్‌కి అంతా చెప్పాడు. కాని ఊడుతుందన్న భయం కొద్దీ ఆ రోజు కూడా పిడి ముందే నానబెట్టి ఉంచాడు. సైఫ్ కత్తిని చెవి దగ్గర ఊపాడు. చప్పుడు లేదు. బలంగా ఊపాడు. అయినా లేదు. చీల చూపించబోతే కత్తి ముట్టనివ్వలేదు. పని ఎగ్గొట్టే ఎత్తు అనుకున్నాడో ఏమో, నవ్వాడు.

“మాఫీ ముష్కిల్. యల్లా, హటో.” ఏం పర్లేదు, పక్కకి తప్పుకోమని.

జమీలాబీ పాపని ఎత్తుకోబోయింది. పాప కెవ్వుమంది. ఉండనీ అన్నాడు సైఫ్.

ఏసుబాబు వెళ్లి కుర్చీకి అడ్డంగా నిలబడ్డాడు. దూరంగానే ఉన్నాడు కదా అని సైఫ్ పట్టించుకోలేదు, కత్తి తల మీదికెత్తాడు. కనబడటం లేదని పాప వెనకనుంచి ఏసుబాబు చొక్కా పట్టుకుని పక్కకి లాగుతోంది.