ఎల్లొస్తాకి జవాబు

దోహాలో మనవరాలి దగ్గరున్నప్పుడు, అంత ఎండ వృథాగా పోతుంటే చూడలేక బిల్డింగ్ డాబా మీద వడియాలు పెట్టాను. వాటిని తీయడానికి ఇద్దరం పైకెళ్ళిన సాయంత్రం, దుమ్ములో ఎదుటి మేడలు నీళ్ళలో తేలుతున్నట్టున్నాయి.

ఆరిన బట్టల కోసం పక్కింటావిడ వచ్చింది. మనవరాలితో ఆసుపత్రిలో డ్యూటీ చేసే మనిషి. ముఖం మన వాళ్ళదే, తెలుగు మాత్రం రాదు. ఆవిడ మాటలు మనవరాలే నాకు చెప్పింది.

"అమ్మమ్మా, ఈవిడది గ్వాడలూప్. సముద్రం మధ్యలో సీతాకోకచిలుక రెక్కల్లాంటి దీవంట. ఒక రెక్క మీద అగ్నిపర్వతం. ఇప్పటికీ ఫ్రెంచివాళ్ళదే."

"మన యానాం వదిలేసి పోయారు గదే, అక్కడింకా ఉన్నారా?"

యానాం పేరు వినగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఎన్నో తరాల కిందట వాళ్ళింటి ఆడమనిషిని చెరకు తోటల్లో కూలికని ఓడెక్కించింది అక్కడేనట. ఆమె మాట ఒక్కటే ఇంట్లో మిగిలిందట. గడప దాటేటప్పుడు అందరూ అంటారు, అర్థం మాత్రం ఎవరికీ తెలియదు.

"ఎలోస్తా," అంది.

"ఎల్లొస్తా అనమ్మా. ఎల్లి, మళ్ళీ వస్తానని."

మనవరాలు అది ఆవిడకి చెప్పింది.

"ఆమె మళ్ళీ యానాం రాలేదు," అంది ఆవిడ. "దీనికి జవాబేమైనా ఉందా?"

"ఉండకేం? ఇంట్లో ఉన్నవాళ్ళు అనాలి. మీవాళ్ళు మరిచిపోయారు," అని మందలించాను.

ఆవిడ బట్టలు తీసుకుని మెట్ల దగ్గర ఆగింది.

"ఎల్లొస్తా."

"ఎల్లిరా తల్లీ," అన్నాను.

అప్పుడు గానీ ఆవిడ మెట్టు దిగలేదు.