ఎడ్వర్డ్ రాజు బిళ్ళలు

రాజమండ్రి దానవాయిపేటలో అద్దెకుండే ఫణిశ్రీకి పెళ్లయిన కొత్తలో నాణేల మీద ఏ ఆసక్తీ లేదు. ఆ పిచ్చి భర్త సూర్యతేజది. అతను జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. సెలవొస్తే మంచం మీద పాత తువ్వాలు పరిచి, తన బిళ్ళలన్నీ పేర్చుకుని కూర్చునేవాడు. అన్నింటి మీదా ఒకటే మొహం, ఒకప్పటి ఇంగ్లండు రాజు ఎనిమిదో ఎడ్వర్డ్‌ది.

"ఏంటండీ, అన్నీ ఈయనవేనా?" అని ఓసారి అడిగింది.

"ఈయన ఏడాది కూడా ఏలలేదు ఫణీ. తన బొమ్మతో డబ్బులు జనం చేతుల్లోకి రాకముందే, ఇష్టపడ్డ మనిషి కోసం గద్దె దిగిపోయాడు. ఎన్నో ఏళ్ల తర్వాత, వచ్చుంటే ఇలా ఉండేవేమోనని ఎవరెవరో సొంతంగా అచ్చు వేయించారు. ఏ ప్రభుత్వమూ వేసినవి కావు."

"అయితే దొంగ బిళ్ళలేగా?"

"అసలంటూ ఉంటే కదా, దొంగది ఉండటానికి!" అని పకపకా నవ్వాడు.

పెళ్లయిన నాలుగో ఏడు కరోనా రెండోసారి విరుచుకుపడింది. సూర్యతేజను ఆసుపత్రిలో చేర్చుకుని, ఆమెను గేటు దగ్గరే ఆపేశారు. చివరికి అతని కళ్లజోడు, ఫోను ఒక కవర్లో పెట్టి చేతికిచ్చారు. మనిషిని చూపించలేదు.

ద్రాక్షారామం దగ్గర పౌరోహిత్యం చేసుకునే మామగారు సూర్యప్రకాశం, కోడలు ఒంటరిదైపోయిందని వచ్చి ఆమె దగ్గరే ఉండిపోయారు.

కర్మకాండలు ముగిశాక చెన్నై నుంచి పార్శిల్ వచ్చింది. సూర్యతేజ జ్వరం రాకముందు తెప్పించుకున్న బిళ్ళ. ఫణిశ్రీ దాన్ని గుప్పిట్లో పట్టుకుని చాలాసేపు గుమ్మంలోనే నిలబడిపోయింది. కొన్నాళ్లకు ఫోన్లో వెతికి తనే ఇంకొకటి కొంది. తర్వాత మరొకటి. ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచి రాగానే అదే పని. ఏది ఎవరు వేయించారో, ఏ దేశం పేరుతో వేశారో, అన్నీ నేర్చుకుంది.

"చిన్నదానివి. ఆ రేకుముక్కలు ముందేసుకుని ఎన్నాళ్లు కూచుంటావే?" అంది పిన్ని.

మొన్న చలికాలంలో ఊళ్లో నాణేల ప్రదర్శన పెట్టారు. సూర్యతేజ పేరుతో ఆ బిళ్ళల్ని చూపిస్తానని ఫణిశ్రీ నిర్వాహకుడు ప్రసన్నకుమార్‌ని అడిగింది.

ఆయన ఇబ్బందిగా చూశారు. "అసలు నాణేలు కావు కదమ్మా, లోపల పెట్టనివ్వరు. సూర్యతేజగారంటే నాకూ అభిమానమే. గుమ్మం పక్కన బల్ల వేయిస్తాను, పర్లేదా?"

చాలంది. బల్ల మీద నీలం గుడ్డ పరిచి, భర్త పేరు, అతను పోయిన తేదీ, కొన్ని తర్వాత తను చేర్చినవనీ రాసిన అట్ట నిలబెట్టింది. మధ్యాహ్నం తుని నుంచి వచ్చిన ఒకావిడ ఆ అట్ట ముందు ఆగిపోయింది.

"మా తమ్ముడూ ఆ నెల్లోనే పోయాడండీ," అంది. బిళ్ళల మీదికి వంగి అడిగింది, "వీటిలో మీవారు తెచ్చుకున్నవి ఏవండీ?"

ఫణిశ్రీ వెంటనే వేలు చాపింది. ఒక బిళ్ళ మీదికి పోయిన వేలు ఆగింది. పక్కదాని మీదికి జరిగింది. అక్కడా ఆగింది. అతను కొన్న రకాలే తనూ కొంది. పాత డబ్బాలు పారేసి, అన్నింటినీ దేశాలవారీగా కొత్త పెట్టెల్లో సర్దేసింది. ఏది అతను తడిమిందో, ఏది తను తెప్పించిందో ఇప్పుడామెకు తెలియలేదు. చివరికి పార్శిల్‌లో వచ్చిన ఆ ఒక్కటీ కూడా.

"గుర్తులేదండీ," అంది. ఆవిడ ఆమె చెయ్యి నొక్కి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి, మామగారి ముందు ఎప్పుడూ కంటతడి పెట్టని మనిషి భోరుమంది.

"ఆయనవి ఏవో తెలీట్లేదు మావయ్యగారూ. చేతులారా నేనే కలిపేశాను."

సూర్యప్రకాశం పెట్టెలు కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. ఒక్కో బిళ్ళా వెలుతురుకు పట్టి చూశారు.

"నాకూ తెలీడం లేదమ్మా. వాడు చూపిస్తానన్నప్పుడల్లా పనుందని లేచిపోయేవాణ్ణి."

ఫణిశ్రీ కళ్లు తుడుచుకుని పక్కన కూర్చుంది. విడదియ్యాలని ఇద్దరూ చీకటి పడేదాకా చూశారు. ఒక్కటీ తేలలేదు.

ఆ తర్వాత ఆమె కొత్తవి కొనలేదు. ఉన్నవాటిని తుడిచేటప్పుడు మాత్రం ఏ ఒక్కదాన్నీ వదలదు, అన్నీ అతనివే అన్నట్టు తుడుస్తుంది.