ఆలోచించి తీసే కెమెరా

నా డిజిటల్ కెమెరా ఇచ్చేసి కొత్తది కొనుక్కుందామని విశాఖ బయలుదేరాను. పాతదాని బటన్ నొక్కితే వెంటనే టిక్కుమంటుంది గానీ, ఫోటో మాత్రం రెండు క్షణాలాగి తీస్తుంది. ఎడ్లపందెం తీస్తే దుమ్ము పడింది. మేనకోడలి తలంబ్రాలు తీస్తే భోజనాలు పడ్డాయి.

గజపతినగరం స్టేషన్లో నా పక్కన ఓ కిరాణా కొట్టు పెద్దాయన, ఆయన బావమరిది కూర్చున్నారు. బావమరిది కన్ను నా కెమెరా మీద పడింది. మార్చేయడానికి విశాఖ తీసుకెళ్తున్నానని చెప్పాను.

"మా బావనోపాలి తీయండి బాబూ. టిక్కుమంటే సాలు, కళ్ళు మూసేస్తాడు. పెళ్ళి ఫోటోల్లోనూ నిద్దరే. రేపు పోతే దండెయ్యడానికి ఒక్క ఫోటో లేదు."

మా వైపు ఈ మాటంటే తల పగులుతుంది. పెద్దాయన మాత్రం తాపీగా చొక్కా సర్దుకున్నాడు.

"నిజమే బాబూ. మనవలు గుడ్డితాత అనుకుంతారని నా బెంగ."

నొక్కాను. టిక్కుమనగానే కళ్ళు మూశాడు. "అయిపోనాదేటి?" అంటూ తెరిచాడు. సరిగ్గా అప్పుడు తీసింది నా కెమెరా.

స్క్రీన్ మీద తన కళ్ళు తాను చూసుకున్నాడాయన.

"ఇది ఆలోసించి తీస్తాది బాబూ," అన్నాడు. "దీన్ని మార్సీకండి."

విశాఖ రైలు వచ్చింది, వెళ్ళింది. నేను ఎక్కలేదు. ముగ్గురం బజార్లో స్టూడియోకి వెళ్ళి ప్రింటు తీయించాం. పెద్దాయనకు ముప్పయ్యేళ్ళుగా ఫోటోలు తీస్తున్న స్టూడియో యజమాని దాన్ని వెలుతురులో పట్టి చూశాడు.

"బాగున్నాది. ఇంతకీ ఈయనెవులండీ?" అని పెద్దాయన్నే అడిగాడు.