తంబాకు నీళ్ళ వాసన

ఆవు మెడ మీద చెయ్యి వేయగానే తంబాకు వాసన గుప్పుమంది. పరిశోధన కోసం, పశువుల రక్తం తాగే పిడుదులు ఏరుకుందామని సీసాలు, పట్టకారు పట్టుకుని మొన్న అశోక్ చౌక్ వెనక సందుకు వెళ్ళాను. ఆవుగలామె అప్పుడే దాన్ని తంబాకు నీళ్ళతో, అంటే బీడీల పొగాకు నానిన నీళ్ళతో, కడిగినట్టుంది. ఆ వాసనకు గుర్తొచ్చేది ఒక్క మనిషే, ఈ మరాఠీ ఊళ్ళోనే మా తెలుగువాళ్ళుండే జోడ్‌భావి పేట్‌లో మా పక్కింటి రాజవ్వత్త.

రాజవ్వత్త బుద్ధెరిగిన నాటి నుంచీ బీడీలు చుట్టింది. మా అమ్మానాన్నలు పవర్‌లూమ్‌ల మీదికి పోతే నేను ఆమె గడపలోనే పెరిగాను. ముద్దు చేసే రకం కాదు. నేను ఏడిస్తే, ముందు ముక్కు తుడుచుకుని తరవాత సంగతి చెప్పమనేది. దగ్గు ముదిరాక డాక్టరు ఇక తంబాకు ముట్టొద్దన్నాడు. బీడీల చాట అటకెక్కించి, చెవి కమ్మలు అమ్మి, ఒక జెర్సీ ఆవును తెచ్చుకుంది. పాలు పోసి బతుకుతానంది. దగ్గు తగ్గింది. సాయంత్రాలు గడపలో ఊరికే కూర్చుని గాలి పీల్చుకునేది. ఆ సుఖం చూసి ఓర్వలేనట్టు ఆవుకు పిడుదులు పట్టాయి.

వాటిని మా వాళ్ళు మరాఠీ మాటతో గోచీడ్లంటారు. చెవి వెనక, తోక కింద, పొదుగు పక్కన ఎలా తడిమి పట్టుకోవాలో ఆమే నాకు నేర్పింది. కళ్ళతో వెతికితే కోపం వచ్చేది.

"కండ్లు మోసం జేస్తయి. చేతుల్తోని సూడు."

ఎన్ని ఏరినా మర్నాటికి మళ్ళీ అన్నే. ఒకరోజు గోళీ అంత ఉబ్బినదాన్ని అరచేతిలో పెట్టుకుని అడిగింది.

"ఈగ వాల్తే తోక కొడ్తది గదా. ఇంత రక్తం తాగిందాక ఆవుకు ఎర్కనే లేదేందే?"

కాలేజీలో జీవశాస్త్రం చదువుతున్న నాకు జవాబు తెలియలేదు. మా సారును అడిగితే అది సిలబస్‌లో లేదన్నారు.

పశువుకు పురుగు పడితే బీడీల తంబాకు నానబెట్టి పోయడం మా పేటలో వాడుక. ఉప్పు లేని ఇల్లుంటుందేమో గానీ తంబాకు లేని ఇల్లుండదు. ఇక ముట్టనన్న మనిషే ముక్కుకు కొంగు కట్టుకుని, ఇరుగుపొరుగు చాటల్లో మిగిలిన పొడి అడుక్కొచ్చింది. మొదటిసారి పిడుదులు రాలాయి. మళ్ళీ పట్టాయి. ఈసారి చిక్కగా కాచింది. ఆవుకు అప్పటికే జ్వరం, ఒళ్ళంతా పుండ్లు. పోసిన పూటే వణికి, చొంగ కార్చుకుంటూ కూలబడింది. జనావరాల డాక్టరు వచ్చేసరికి కళ్ళు తేలేసింది. గోచీడ్ల జ్వరం లోపల సగం చంపిందనీ, మిగతా సగం పచ్చి పుండ్ల మీద పడిన తంబాకు విషం చంపిందనీ అన్నాడు.

రాజవ్వత్త ఏడవలేదు. "మరి ఏం పొయ్యాలె సారూ?" అని అడిగింది.

ఆయన ఏదో మందు పేరు చెప్పి, ఈమధ్య పిడుదులు దానికీ లొంగడం లేదని తనే అన్నాడు.

అటక మీది చాట కిందికి దిగింది. మళ్ళీ బీడీలు, మళ్ళీ దగ్గు. ఆ దగ్గుతోనే పోయింది. నా కోపం ఇంకా చల్లారలేదు, ఎవరి మీదో తెలిస్తే బాగుండేది.

ఆమె ప్రశ్నకు జవాబు ఎన్నో ఏళ్ళకు ప్రయోగశాలలో దొరికింది. పిడుదు కొరికిన చోట ఉమ్మి దించుతుంది. అందులోని ప్రోటీన్లు నొప్పి తెలియనివ్వవు, రక్తాన్ని గడ్డకట్టనివ్వవు, ఒంట్లోని కాపలాను నిద్రపుచ్చుతాయి. జ్వరం కూడా ఆ ఉమ్మితోనే లోపలికి పోతుంది. ఆ ప్రోటీన్లనే టీకాగా ఇచ్చి, ఆవు ఒంటికి దొంగ ముఖం ముందే చూపించాలన్నది మా పని. ఒకదాన్ని గుర్తుపట్టేలా చేస్తే పిడుదు ఇంకోదాన్ని దించుతుంది. ఇంతవరకూ మా టీకాతో పిడుదులు కొంత తగ్గాయి, అంతే. అది కొట్టాల్లోకి రావడానికి ఇంకా చాలా కాలం పడుతుంది.

మొన్న ఆవుగలామెకు రాజవ్వత్త ఆవు సంగతి చెప్పి, తంబాకు నీళ్ళు పోయొద్దన్నాను. దుకాణం మందు కొట్టి చూసిందట, పిడుదులు రాలలేదట. మిగిలిన తంబాకు నీళ్ళ బకెట్టు చేతిలో పట్టుకునే నా ముఖంలోకి చూసింది.

"మరి ఏం పొయ్యాలె బిడ్డా?"

పట్టకారు సంచిలో పడేసి, కళ్ళు మూసుకుని, ఆవు చెవి వెనక వేళ్ళతో తడమడం మొదలుపెట్టాను. ఆమె బకెట్టు పక్కన పెట్టింది గానీ, పారబోయలేదు.