ఒకే కార్ఖానాలో పుట్టిన రెండు జతలు

ఇరవై ఆరేళ్లు పగలు ప్రెస్సులో కాగితం కత్తిరించే యంత్రం దగ్గర పనిచేసి, సాయంత్రాలు డ్యాన్సు హాలు బృందంలో డ్రమ్స్ వాయించిన ఆ మనిషిని అందరూ గడియారం అనేవారు. లయ తప్పడం ఆయన ఎరగడు. దేనికీ ఆలస్యంగా వెళ్లలేదు. పెళ్లికి కూడా అరగంట ముందే వచ్చి కూర్చుని, ఆడపిల్లవాళ్లను కంగారు పెట్టాడని భార్య ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

డ్రమ్స్ సెట్టులో వాయించేవాడి ఎడమ పక్కన, సన్నని స్టాండు మీద, ఎదురెదురుగా అమర్చిన రెండు కంచు ప్లేట్లుంటాయి. వాటిని హై-హ్యాట్ అంటారు. కింద పెడల్ తొక్కితే పై ప్లేటు దిగి కిందిదానికి తగిలి ‘చిక్’ అంటుంది. కొద్దిగా తెరిచి కొడితే ‘ష్ష్’ అని సాగుతుంది. పైది పలచన, కిందిది మందం. మధ్య సందు ఎంత, పాదం మోపే బరువెంత, చేతిలోని పుల్ల కొసతో తాకుతున్నాడా, కొస కిందున్న మెడతో బాదుతున్నాడా అన్నదాన్ని బట్టి ఒకే జత పది గొంతులతో పలుకుతుంది. డ్రమ్మరు పనితనం తెలియాలంటే పెద్ద డ్రమ్ము కాదు, ఈ జత వినాలి.

గడియారం దగ్గర నేర్చుకున్నవాడు ఆయన బావమరిదే. ముప్పై ఐదేళ్లవాడు, వారానికి రెండు సాయంత్రాలు అదే హాల్లో వాయించేవాడు. గురువు ఏ కార్ఖానా జత వాడితే తనూ అదే కార్ఖానా, అదే కొలత వెతికి కొన్నాడు. రెండు జతలూ పక్కపక్కన పెడితే పోల్చుకోవడం కష్టం. ఒక్క తేడా: గడియారం కింది ప్లేటులో, నడిమి బెజ్జం పక్కన, ఆయన ఎప్పుడో ఆకురాయితో గీసుకున్న చిన్న గాటు ఉంది.

రెండేళ్లుగా ఆయనకు నిద్ర లేకుండా చేసింది ఆ రెండో జత. బావమరిది వాయించే సాయంత్రాలు ఆయన హాల్లో కూర్చుని వినేవాడు. రేకు మీద చినుకులు పడ్డట్టుండేది. మర్నాడు తన సెట్టు దగ్గర కూర్చుంటే, తన ప్లేట్లు తడిగుడ్డలో చుట్టిన గిన్నెల్లా వినిపించేవి. ప్లేట్లు తుడిచాడు, వాటికి ఆనించే మెత్తని ఫెల్టు బిళ్లలు మార్చాడు, కింది ప్లేటును వాల్చే మర తిప్పి చూశాడు. చివరికి గట్టిగా కొట్టడం మొదలుపెట్టాడు.

"మా తమ్ముడు బాగా వాయిస్తున్నాడటగా?" అంది భార్య.

"వాడి ప్లేట్లు మంచివి. అదే కార్ఖానా, అదే కంచు. మంచి జత వాడికి దక్కింది."

"ప్లేట్లే వాయిస్తాయా? అయితే వాణ్ణి ఇంట్లో ఉంచి ప్లేట్లనే పంపిద్దాం."

ఆయన నవ్వలేదు.

ఇంతలో పియానో వాయించే బృందనాయకురాలు రికార్డు తీస్తున్నట్టు ప్రకటించింది. డ్రమ్మరు ఒక్కడే కావాలి. శనివారం పొద్దున ఇద్దరినీ విని నిర్ణయిస్తానంది. రికార్డు మీద ఎవరుంటే హాల్లో శాశ్వతస్థానం కూడా వాళ్లదేనని, చెప్పకపోయినా, అందరికీ అర్థమైంది.

శుక్రవారం మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉన్నప్పుడు గడియారం సామాన్ల గదిలోకి వెళ్లి, రెండు జతలనూ తారుమారు చేశాడు. నాలుగు నిమిషాల పని. జత పోయినవాడికి జత దొరికింది గనుక ఇది దొంగతనం అవునా కాదా అని వాదించవచ్చు. అయితే పని ముగించి ఆయన చుట్టూ చూశాడు. ఆ చూపే సాక్ష్యం.

శనివారం ముందుగా ఆయనే వాయించాడు. పెడల్ మీద కాలు మోపాడు. మళ్లీ అదే తడిగుడ్డ. వాడి చేతిలో చినుకులు కురిపించిన ప్లేట్లు తన దగ్గర మూగవోయాయి. పెడల్ ఇంకా బిగదొక్కాడు, పుల్ల మెడతో ఇంకా బాదాడు.

తరువాత బావమరిది వాయించాడు. మూడో వరుసలో కూర్చున్న గడియారం చెవిలో చినుకులే చినుకులు. తన ప్లేట్ల మీద!

నాయకురాలు వెనక వరుస నుంచి లేచి వచ్చింది. "గడియారంగారూ, లయకు వంక పెట్టలేను. కానీ మీ హై-హ్యాట్ అరుస్తోంది." తరువాత బావమరిది వైపు తిరిగింది. "రికార్డింగుకు మీరు రండి. ఈ ప్లేట్లు మాత్రం మార్చకండి, ఇవే తీసుకురావాలి."

‘అవి నావి’ అని అరవాలనిపించింది ఆయనకు. నోరు తెరిస్తే మిగతాదీ చెప్పాలి. అందరికంటే ముందుగా ఆయన హాలు విడిచి ఇంటికి వెళ్లింది ఆ ఒక్కరోజే.

సాయంత్రం బావమరిది సంచీతో వచ్చాడు. కింది ప్లేటు తీసి బల్లమీద పెట్టి గాటు మీద వేలుంచాడు.

"బావగారూ, తుడుస్తుంటే కనిపించింది. అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి కదా!"

"అడిగితే నీ ముందు చిన్నవాణ్ణి అయిపోనూ?" అన్నాడాయన.

"ఇప్పుడు పెద్దవారయ్యారా?" అంది భార్య వంటింట్లోంచి వస్తూ. ప్లేట్లు మార్చినా తన దగ్గరే మూగవోయాయని ఆయన చెప్పింది మొత్తం విని, ఆయన పక్కకు వచ్చింది. "ఏమండీ, కళ్లు మూసుకోండి." తన చేతివాచీ విప్పి ఆయన ఎడమ చెవి దగ్గర పెట్టింది. "ఏమన్నా వినిపిస్తోందా?"

"లేదు. ఆగిపోయింది. బ్యాటరీ వేయించు."

వాచీని కుడి చెవికి మార్చింది. టిక్, టిక్, టిక్.

"ఎడమ పక్కనుంచి ఎన్నిసార్లు పిలిచినా పలకరు. నేనంటే లెక్కలేదనుకున్నా," అంది మెల్లగా.

హై-హ్యాట్ వాయించేది ఎడమ చెవి పక్కనే. హాల్లో కూర్చుంటే బాగున్న కుడి చెవి వింటుంది. సెట్టు దగ్గర ఆ సన్నని మెరుపు వినవలసింది పోయిన చెవే. ప్లేట్ల గొంతు ఏనాడూ మారలేదు. ఆ చెవిని పాడుచేసింది ప్రెస్సు యంత్రమా, ఏళ్ల తరబడి కొట్టిన కంచేనా అని తేల్చడానికి ఆధారం లేదు. ఆయన బాదడం మాత్రం రెండేళ్ల నాటిదని బృందమంతా చెప్పింది.

"నేను నాయకురాలితో మాట్లాడతాను బావగారూ. రికార్డింగుకు మీరే వెళ్లండి."

"నాకు జాలి వడ్డించకు. ఆవిడ ఇవే తెమ్మంది. పట్టుకెళ్లు." ప్లేటును సంచీలో పెట్టి తనే మూతి కట్టాడు. అయితే ముడి రెండుసార్లు విప్పి, మళ్లీ కట్టాడు.

తరువాత ఆయన హై-హ్యాట్‌ను కుడి పక్కకు మార్చుకుని, కాళ్లూ చేతులూ కొత్తగా అలవాటు చేసుకోవడం మొదలుపెట్టాడు. యాభై నాలుగేళ్లకు అది తేలిక కాదు, ఆయన చేశాడు. ప్లేట్ల మీద అసూయ అప్పటికి పోయింది. బావమరిది చెవి మీదికి మారింది.

రికార్డు వచ్చాక కుడి చెవి ఆనించి మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు విన్నాడు. ఒక్కచోటైనా లయ జారుతుందేమోనని కాచుకున్నాడు. జారలేదు. ఆ జతతో, తన దగ్గర నేర్చినవాడు, ఒక్కచోటా జారలేదు. అందుకు ఆయన వాణ్ణి క్షమించడానికి చాలా కాలం పట్టింది.