ఉపదేశి జెకరయ్య మీసం

మా పక్కింటి ఉపదేశి జెకరయ్యకు ఒక్కటే జబ్బు. తాను ప్రార్థన చేసిన రోగి ఎవరైనా చనిపోతే, ఆ సాయంత్రానికల్లా మంగలి దగ్గరికి పోయి మీసం తీయించుకునేవాడు. తీయించుకుని ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. ఆదివారం గుడిలో లేచి నిలబడి, “ఆ మనిషి పోయింది నా వల్లనే. పొద్దున అద్దంలో నా మీసం చూసుకోని మురిసినా. ఆ గర్వమే దేవునికీ ఆ రోగికీ నడమ అడ్డం పడింది” అని అందరి ముందూ ఒప్పుకునేవాడు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను జమ్మలమడుగులో లెక్కలు చెప్పే ఐవారిని. తాయెత్తులన్నా, దయ్యాలన్నా, నూనె రాసి రోగాలు పోగొడతామనే వాళ్లన్నా నాకు ఒకే మంట. అలాంటి నాకు అద్దె ఇల్లు దొరికింది జెకరయ్య గోడ పక్కనే. తెల్లవారి నేను సంధ్యవార్చుకుంటుంటే అవతల ఆయన గొంతెత్తి ప్రార్థన చేసేవాడు. ఇద్దరిలో ఎవరి మాట పైకి చేరేదో గానీ, వీధిలో వాళ్లకు ఆయన మాటే వినపడేది.

ఆయన మీసం గురించి కొంచెం చెప్పాలి. మనిషి వెదురుకర్ర. ఒంటి మీద చూడదగ్గది అదొక్కటే. మా వైపు మీసం అంటే సగం పరువు. ఆ సగమే ఆయన ఆస్తి. రోజూ ఆముదం పట్టించి, కొనలు మెలేసి, చిన్న అద్దంలో ఇటొకసారి అటొకసారి చూసుకునేవాడు. రోగుల నుదుట రాసేది మాత్రం శెనగనూనె. “దేవునికి శెనగనూనె, మీసానికి ఆముదం. ఏది ఖరీదో మీరే చెప్పండి ఐవారూ” అని ఆయన భార్య రూతమ్మ నాతో గోడ మీదుగా మొరపెట్టుకునేది.

బస్టాండులో టీ తాగేవాళ్లు ఆయన మూతిని పంచాంగంలాగా చదివేవాళ్లు.

“ఉపదేశి మీసం ఒత్తుగుండాదే. ఊరు సల్లగుండాది లేప్పా.”

“బోడి మూతితో పోతాండాడు చూడు. ఎవురు పాయ?”

కలరా వచ్చిన ఏడు పాపం ఆ మీసానికి మొలిచే సందే దొరకలేదు.

తక్కిన స్వస్థత బోధకులకు ఈ చిక్కు లేదు. రోగం తగ్గితే అది వాళ్ల ప్రార్థన. రోగి పోతే, అతనికి విశ్వాసం చాలలేదు. ఎటు తిరిగినా బోధకుడి మీసం బోధకుడిదే. జెకరయ్యది తిరగేసిన లెక్క. ఒకసారి పులివెందుల నుంచి ఒక రైతు టైఫాయిడ్ తగ్గి, శెనక్కాయల మూటతో వచ్చి ఆయన కాళ్ల మీద పడబోయాడు.

“నా కాళ్లేందప్పా! నీకు సూదులేసింది డాక్టరమ్మ. ఆసుపత్రికి పోయి ఆయమ్మకు దండం పెట్టు. ఆనక దేవునికి పెట్టు. నాకేం బాకీ లేదు.”

“ఆ మూట గూడా ఆడికేనా?” అంది రూతమ్మ గడపలో నుంచి.

“మూట ఈడ దించు. నేను గర్విష్ఠినేమో గానీ తిక్కోణ్ణి కాదు.”

ఆ పద్ధతే ఆయనది. ఎవరు వచ్చినా ముందు మిషన్ ఆసుపత్రికి తోలేవాడు, మందు సీసా చూపిస్తేనే నూనె సీసా తీసేవాడు. నాకు ఆయన మీద గౌరవం ఉండేది, కోపం కూడా ఉండేది. క్షయతో ఒక ముసలాయన పోయి, జెకరయ్య మళ్లీ మీసం తీయించుకున్న వారానికి ఉండబట్టలేక అడిగేశాను.

“మీసానికీ క్షయకూ ఏం సంబంధం ఉపదేశిగారూ? ఆ ముసలాయన ఊపిరితిత్తులు ఎప్పుడో పోయినాయని డాక్టరమ్మే చెప్పింది గదా. మీ వల్ల పోయినాడని గుడిలో చెప్పడం అబద్ధం గాదా?”

“అబద్ధమేంది? మీసం చూసుకోని మురిసేది నిజం. కావాలంటే రూతమ్మను అడగండి.”

“మురిస్తే మనుషులు చస్తారా?”

“మీకు లెక్కలు తెలుసు గానీ ఐవారూ, మీసాల సంగతి మీకు తెల్దు” అని, మీసం అప్పుడే మొలుస్తున్న పై పెదవిని తడుముకుంటూ వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది.

ఆ తరువాత ఆయనకు మంచి రోజులు కొన్ని నడిచాయి. వానలు సరిగా పడ్డాయి, జ్వరాలు తగ్గాయి. మీసం ఎప్పుడూ లేనంతగా పెరిగింది. దాంతోపాటు ఇంకో శుభవార్త కూడా వచ్చింది. ఏండ్ల తరబడి ఉపదేశిగానే అరిగిపోయిన జెకరయ్యను పాస్టరు చేస్తామని సంఘం పెద్దలు తీర్మానించారు. ప్రొద్దుటూరులో మూడు దినాల స్వస్థత కూటాలు పెట్టారు. చివరి సాయంత్రం ఆయనకు అభిషేకం, ఫోటో. కూటాలకు బోధకుడు ఆశీర్వాదంగారు మద్రాసు నుంచి వచ్చాడు. పట్టు జుబ్బా, మెడలో దండ, నోటి ముందు మైకు. తగ్గింపు, వినయం గురించి ఆయన మాట్లాడితే మూడు వీధుల అవతలికి వినపడేది.

ఆ కూటాలకే లింగాల ఊరి గురవమ్మ అనే ఆమె వచ్చింది. భర్త లేడు. ఒక్కడే కొడుకు, బడికి పోయే ఈడు. నెమ్ము చేసి జమ్మలమడుగు ఆసుపత్రిలో పడి ఉంటే, జెకరయ్య రోజూ పోయి ప్రార్థన చేసి వచ్చేవాడు. చివరికి ఇంక మా చేతుల్లో లేదని డాక్టరమ్మ కళ్లొత్తుకుంది. ఆ తల్లి బిడ్డను భుజాన వేసుకుని ప్రొద్దుటూరు పందిట్లోకి వచ్చింది. ఆశీర్వాదంగారు పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టి, మైకులో, “లేచి నడుస్తావు!” అన్నాడు. రెండోరోజు చీకటి పడకముందే పిల్లవాడు పోయాడు. మరునాడు పొద్దున ప్రొద్దుటూరులోనే పూడ్చారు.

అభిషేకం చూడమని రూతమ్మ బలవంతం చేస్తే ఆ సాయంత్రం నేనూ పోయాను. పందిరంతా గుసగుసలు. లేచి నడుస్తాడన్న పిల్లవాడు మంటికి పోయాడు కదా. జనం ముఖాలు చూసిన ఆశీర్వాదంగారు మైకు అందుకున్నాడు.

“దేవుడు తప్పలేదు! నేనూ తప్పలేదు! పూడ్చేటప్పుడు ఆ బిడ్డ మొలతాడుకు తాయెత్తు కనపడింది. తల్లి రెండు పడవల్లో కాలు పెట్టింది. ఆమె అవిశ్వాసమే బిడ్డను తీసుకుంది!”

ఆ తాయెత్తు లింగాలలో పక్కింటి ఖాతూన్‌బీ కట్టింది. పిల్లవాడంటే ఆమెకూ ప్రాణం. వద్దనడానికి గురవమ్మకు నోరు రాలేదు. ఏ తల్లికి వస్తుంది? ఆడవాళ్ల వరసలో గురవమ్మ రాయిలాగా కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి కన్నీటి చుక్క రాలలేదని పక్కనున్నవాళ్లు చెప్పారు. బోధకుడి మాట విని ఆమె నెమ్మదిగా తల ఊపింది. అవును, నేనే చంపుకున్నాను అని ఒప్పుకున్నట్టు ఊపింది. ఆ ఊపు చూసి నాకు భయం వేసింది. ఆ మనిషి ఆ రాత్రి దాటదు అనిపించింది.

వేదిక మీద కొత్త అంగీతో, ఆముదం పట్టించిన మీసంతో కూర్చున్న జెకరయ్య లేచాడు. దిగాడు. పందిరి గుంజ దగ్గర పూలమ్ముకునే ఒకామె ముందుకు పోయి ఆమె చేతిలో కత్తెర లాక్కున్నాడు. మళ్లీ వేదిక ఎక్కి, మైకు ముందు నిలబడి, కుడివైపు మీసం కసుక్కున కత్తిరించాడు. పూలదారాలు కోసే కత్తెర అది. సగం తెగింది, సగం పీక్కొచ్చింది.

“తాయెత్తు గాదు!” అని అరిచాడు. “ఆ బిడ్డకు మొదట ప్రార్థన చేసింది నేను. పాస్టరు అయితానని, ఫోటో దిగుతానని, ఈ మీసం చూసుకోని మురుస్తా ప్రార్థన చేసినా. నా ప్రార్థన ఆసుపత్రి కప్పు గూడా దాటలేదు. ఆయమ్మకేం సంబంధం లేదు. ఆయమ్మ విశ్వాసం నాకుంటే నేను ఏ పొద్దో బాగుపడిందును!”

ఒకవైపు మీసం, ఒకవైపు బోడి. మూతి మీద రక్తం. పందిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత పందిరంతా నవ్వింది. పెద్దలు తలలు పట్టుకున్నారు. ఫోటో తీసే మనిషి నల్లగుడ్డ కింది నుంచి తల బయట పెట్టి చూస్తున్నాడు.

గురవమ్మ మాత్రం లేచి, జనాన్ని తోసుకుంటూ వేదిక దగ్గరికి వచ్చింది.

“నీ వల్లనా?”

“నా వల్లనే తల్లీ.”

“నిజ్జంగా?”

“దేవుని తోడు. నా మీసం తోడు.”

ఆమె ఆయన అంగీ పట్టుకుని కిందికి లాగి, చెంప మీద కొట్టింది. “నీ మీసం తగలబడా! నీ వంశం నాశనమైపోను! నా కొడుకునియ్యి! నా కొడుకును నాకియ్యి!” అని రెండు చేతులా కొడుతూ, ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అక్కడే కూలబడింది. ఆడవాళ్లు పట్టుకుని ఇంత మజ్జిగ తాగించారు. తాగింది.

అభిషేకం ఆగిపోయింది. “మనిషికి నిలకడ లేదు” అని పెద్దలు రాసుకున్నారు. ఆ తరువాత ఆయన పేరు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. జెకరయ్య ఉపదేశిగానే మిగిలాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన ముందు సీట్లో మిగిలిన సగం మీసంతో నిద్రపోయాడు. నేను రూతమ్మ మీద విసుక్కున్నాను. “ఈ పిచ్చి ఎప్పుడు పట్టిందమ్మా ఈయనకు?”

ఆమె కిటికీలోంచి చూస్తూ చెప్పింది. “మా తొలి కాన్పు బిడ్డ జ్వరంతో పాయె ఐవారూ. అప్పుడుండే పెద్ద బోధకుడు వచ్చి, తల్లికి విశ్వాసం తక్కువ అన్నాడు. నేను నమ్మినా. తిండి మానుకున్నా, మాట మానుకున్నా. ఈయన ఎన్ని చెప్పినా నా చెవికి ఎక్కలేదు. ఒకనాడు మీసం గొరిగించుకోని వచ్చి నా ముందర నిలబడినాడు. ‘నీది కాదే, నాది తప్పు, ఈ మీసం గర్వానిది’ అన్నాడు. పెండ్లయినప్పటి నుంచి ఆ మూతి బోడిగా ఎట్లుంటాదో నేను చూసింది లేదు. కోతి మాదిరి ఉన్నాడు. అంత దుఃఖంలో నవ్వొచ్చె. ఆనక శానా తిట్టినా. తిట్టి తిట్టి ఆకలేసింది.”

నేను ముందు సీటు వైపు చూశాను. ఇన్నేండ్లు ఆ మూతిని చూసి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ పూట నవ్వు రాలేదు.

అక్కడితో అయిపోలేదు. ప్రతి సోమవారం జెకరయ్య పులివెందుల బస్సెక్కి, అక్కడి నుంచి లింగాలకు నడిచిపోవడం మొదలుపెట్టాడు. పని ఏమీ లేదు. మీసం మళ్లీ పెంచకుండా బోడి మూతితోనే పోయి, గురవమ్మ చేత తిట్లు తిని వచ్చేవాడు. సాయంత్రం దుమ్ము కొట్టుకుని దిగితే నేను అరుగు మీద నుంచి పలకరించేవాణ్ణి.

“ఈ పొద్దు ఎట్లుండాది?”

“మేలే ఐవారూ. పోయిన వారం పడుకున్న కాణ్నుంచే తిట్టింది. ఈ వారం లేచి కూచుంది.”

ఇంకో వారం, “ఈ పొద్దు వీధి చివరి దాకా తరుముకొచ్చింది. కాళ్లలో సత్తువ వచ్చినట్టే!”

మరో వారం, “మా తాత ముత్తాతలను గూడా వదల్లేదు. శానా బాగుండాది.”

“ఆ మనిషి మిమ్మల్ని నిజంగానే హంతకుడని నమ్ముతోంది గదండీ. మీకు బాధ లేదా?”

“బాధ లేకేం ఐవారూ? ఆయమ్మ వాకిలి కనపడితే వెనక్కి తిరిగి బస్సెక్కేద్దామనిపిస్తాది. గానీ తిట్టేకి సత్తువ గావాల. సత్తువ గావాలంటే తినాల. తింటాంది.”

ఎండలు ముదిరాయి. ఒక సోమవారం జెకరయ్య తలవంచుకుని వచ్చాడు. వచ్చి నా అరుగు మీదే కూలబడ్డాడు.

“ఏమైంది ఉపదేశిగారూ? గురవమ్మ...”

“తిట్టలేదు ఐవారూ.”

“అయ్యో!”

“నన్ను చూసి లోపలికి పాయె. తలుపేసుకుంటాందేమో అని నాకు పై ప్రాణాలు పైనే పోయినాయి. గిన్నె తీసుకోని వచ్చింది. కూచోమనింది. సంగటి ముద్ద పెట్టి, ఊరిబిండి పచ్చడి ఏసింది. పక్కన ఖాతూన్‌బీ నీళ్ల చెంబు పెట్టె. ఆ పిల్లోడు తినాల్సిన ముద్ద గదా అనిపించె. సగం ముద్ద అట్లే వదిలేసినా. అప్పుడు తిట్టింది.”

“మళ్లీ కొడుకు గురించేనా?”

“కాదు. ‘ఇంత ఎండలో నడిచొచ్చినోడివి, ముద్ద సగం వదిలేస్తావా? ఏం, నా సంగటి తినేకి గర్వమా నీకు?’ అనింది.”

“మీరేమన్నారు?”

జెకరయ్య బోడి మూతి మీద చెమట తుడుచుకున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి, పళ్లు మాత్రం బయటికి వచ్చాయి.

“నా బతుకులో మొదటిసారి కాదన్నా ఐవారూ. ‘నాకు గర్వం లేదమ్మా, ఇంగో ముద్ద పెట్టు’ అన్నా. పెట్టింది.” గోడ వైపు తిరిగి కేకేశాడు. “రూతమ్మా, రాత్రికి నాకు వండొద్దు!”