మూతపడ్డ గని నుంచి వచ్చిన ఫోను

దయ్యాల మాటెత్తితే నాకు ఇప్పటికీ నవ్వే వస్తుంది. భయపడే మనిషిని అంబులెన్సు ఫోను దగ్గర ఎవరు కూర్చోబెడతారు చెప్పండి? కానీ ఆ మధ్యాహ్నం సంగతి తలుచుకుంటే మాత్రం నవ్వు రాదు.

ఎనభైల్లో బెల్లంపల్లిలో ఒక గని ఆసుపత్రి టెలిఫోను గదిలో పనిచేసేదాన్ని. ప్రతి గనికీ బోర్డు మీద ఒక నంబరు. ఫోను రాగానే ఆ నంబరు బిళ్ల టప్పున కింద పడేది. ఉన్నది ఒక్కటే అంబులెన్సు బండి. షిఫ్టు దిగిన కొంటెవాళ్లు ఇంటికి పోవడానికి దొంగ ఫోన్లు చేసేవారు. అందుకే ఫోను పెట్టేసి, అదే నంబరుకు మళ్లీ మేమే చేయాలి. అవతల ఎత్తితేనే బండి కదలాలి. ఈ పద్ధతి దగ్గర నేను మహా మొండిదాన్ని.

చేరి మూడు నెలలే. ఏ నంబరు ఏ గనిదో ఇంకా నోటికి రాలేదు. ఎండాకాలం, మధ్యాహ్నం రెండు దాటింది. ఏడో నంబరు బిళ్ల పడింది.

"పాత లాంపు రూము ఎనుక ముసలాయన పడిపోయిండు. జల్ది బండి తోలుండ్రి" అంది ఒక మగగొంతు. లాంపు రూమంటే గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గది.

పద్ధతి ప్రకారం తిరిగి ఫోను చేశాను. అతనే ఎత్తి, మళ్లీ అదే మాట చెప్పాడు.

ఏడో నంబరు అనగానే డ్రైవర్ మల్లేశ్ గొణిగాడు. "అక్కా, గా గని మూతబడి రెండేండ్లాయె. గాడ ఎవలుంటరు?"

"ఫోనెత్తిండ్రు గద, పో!" అని గదిమాను.

గంటకు బండి తిరిగొచ్చింది. స్ట్రెచర్ మీద మా బాపు, నన్ను కన్న తండ్రి! తునికి పండ్లకని అడవికి పోయి, వడదెబ్బకు పడిపోయాడట. ఇంకో అరగంటైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. అక్కడే కూలబడి ఏడ్చాను.

"గాడ పురుగు గూడ లేదక్కా" అన్నాడు మల్లేశ్ మెల్లగా. "ఫోను ఎప్పుడో పీక్కపోయిండ్రు. గోడకు మొలలే ఉన్నయి."

మరునాడు లైన్‌మన్‌తో ఆ లైను తనిఖీ చేయించాను. ఏడో నంబరు తీగ సగం దారిలోనే తెగి ఉంది. తన దగ్గరికి ఎవరూ రాలేదనే చెప్పాడు బాపు.

ఆయన ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. నా బిడ్డకు వేలు పట్టి నడక నేర్పింది ఆయనే.

నాతో రెండుసార్లు మాట్లాడిన ఆ గొంతు ఎవరిదో ఈనాటికీ తెలియదు. "ఎవలైతేంది బిడ్డా, దండం పెట్టుకో" అనేవాడు బాపు. పెట్టుకుంటూనే ఉన్నాను. ఏ దిక్కు తిరిగి పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.